ఖాళీ డ్రమ్ములో ఏముంది?

డాలీగంజ్ మలుపు దగ్గర గురునాథం డ్రమ్ముల యార్డు ఉండేది. ఓడల్లోంచీ, పడవల వర్క్‌షాపుల్లోంచీ, కలప క్యాంపుల్లోంచీ ఖాళీ అయిన ఇనప డ్రమ్ములు చివరికి అక్కడికే చేరేవి. పైమూత కోసేస్తే అవి నీళ్ల తొట్లు. నిలువునా చీల్చి సుత్తితో చదును చేస్తే గోడలకీ కప్పులకీ రేకులు. డెబ్బైల మొదట్లో పోర్టుబ్లెయిరులో ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఆ రెండూ కావలసినవే. ఏడాదిలో సగానికి పైగా వాన దంచి కొట్టే ఊరే అయినా, ఎండలు ముదిరాయంటే కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. వాన ఉన్నప్పుడే చూరు నీళ్లు పట్టి దాచుకోవాలి.

ఎరుకమ్మ ఆ యార్డులో డ్రమ్ములు కడిగేది. ఆమె మొగుడు నూకన్న ఉలీ సుత్తీ పట్టుకుని మూతలు కోసేవాడు. ఇద్దరిదీ భీమిలి పక్కన సముద్రపొడ్డు పల్లె. నూకన్న వేటకు పోయే ఇంట్లోనే పుట్టాడు. అయితే అండమాను వచ్చిన కొత్తలో ఈదురుగాలికి పడవ తిరగబడి, అన్న లక్ష్ముడు కళ్లముందే మునిగిపోయాడు. ఆ తరవాత నూకన్న మళ్లీ పడవ ఎక్కలేదు. వల అమ్మేసి డ్రమ్ముల పనిలో చేరాడు.

ఎరుకమ్మను ఆ చుట్టుపక్కల చాలామంది 'ఎందుకమ్మ' అనేవారు. ఆ పేరు తగిలించింది గురునాథమే. పెళ్లయి విశాఖపట్నంలో ఓడెక్కిన రోజునే, "ఇంత ఇనుం నీల్ల మీద ఎలాగ తేల్తాది బాబూ?" అని కనబడ్డ ఖలాసీనల్లా నిలదీసిన మనిషి ఆమె. చూరు నీళ్లు చప్పగా ఉంటాయి, పెరటి బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి, రెండూ ఆకాశంలోంచి పడ్డవే కదా మరి ఎందుకలా అని గురునాథాన్ని ఒకసారి అడిగింది. ఆయన తల గోక్కుని, "నీకు కూలీ ఇచ్చేది కడగడానికా, అడగడానికా?" అన్నాడు. అడగడం ఆమెకు దురదలాంటిది. జవాబు దొరికే దాకా నిద్ర పట్టేది కాదు.

గిరాకీ పెరిగాక గురునాథం గ్యాసు కటింగు సామాను కొన్నాడు. పడవల రేవులో ఆ పని నేర్చిన మల్లేశును పిలుచుకొచ్చాడు. అంతవరకు ఒక్క మూత ఊడదీసేసరికి నూకన్న భుజాలు పడిపోయేవి. ఇప్పుడు నీలం మంట తగలగానే ఇనుము అరటిబోదెలా తెగిపోతుంటే అందరూ గుమిగూడి చూశారు. మల్లేశు కోస్తుంటే డ్రమ్ము దొర్లిపోకుండా మోకాలు ఆనించి పట్టుకోవడం నూకన్న వంతయింది.

ఒక పొద్దున కలప క్యాంపు నుంచి వచ్చిన డ్రమ్ములు పనికి పెట్టారు. వాటిని ఎరుకమ్మే బోర్లించింది. బిరడా తీసి, తలకిందులు చేసి, ఊపి మరీ చూసింది. చుక్క కూడా రాలలేదు. ఎండకు బాగా ఆరాక మొదటిదాన్ని దొర్లించుకుంటూ వెళ్లి మొగుడి దగ్గర పెట్టి, వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసిందో లేదో, వీపు మీద ఎవరో చాపతో కొట్టినట్టయింది. చప్పుడు ఆ తరవాత వినబడింది.

తిరిగి చూస్తే డ్రమ్ము మూత లేదు. అది షెడ్డు కప్పును చీల్చుకుని అవతల జీడితోపులో పడిందని తరవాత తెలిసింది. మల్లేశు చేతులు ఎర్రగా కమిలిపోయి, కనుబొమలు లేకుండా, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. నూకన్న అంత దూరాన వెల్లకిలా పడి ఉన్నాడు. కుడిచెవిలోంచి నెత్తురు సన్నగా కారుతోంది.

"మావా! మావా!" అంటూ ఎరుకమ్మ అతని మీద పడింది.

నూకన్న కళ్లు తెరిచి ఆమె పెదాల వంకే చూశాడు. "ఏటంతన్నావే? గట్టిగా సెప్పు," అన్నాడు.

ఆస్పత్రిలో ఇద్దరికీ కట్లు కట్టారు. ప్రాణాలకు భయం లేదన్నారు కానీ నూకన్న కుడిచెవి ఇక వినబడదన్నారు. ఆ వారమంతా యార్డులో పని లేదు. నోటికొకటి చెప్పారు జనం. పక్కింటి కాళమ్మ వచ్చి, దిష్టి తగిలింది, తీసిపారెయ్యమంది. గురునాథం గ్యాసు సిలిండర్లో ఏదో తేడా ఉందన్నాడు. మల్లేశు కట్లు కట్టిన చేతులు అడ్డంగా ఊపి, "సిలిండర్లు రెండూ బాగానే ఉన్నాయి బాబూ. పేలినాది డ్రమ్మే," అన్నాడు.

"ఖాళీ డ్రమ్ములో ఏటుందని పేల్తాది?" అంది ఎరుకమ్మ.

అదే ప్రశ్న ఆమె మనసులో తిరుగుతూ కూర్చుంది. పెట్రోలు నిండుగా ఉన్న డ్రమ్ములు జెట్టీ మీద వరసగా ఎండలో ఉంటాయి, వాటికేమీ కాదు. తన చేత్తో బోర్లించి, చుక్క లేదని చూసుకున్నది మటుకు ఫిరంగిలా పేలింది. నిండుదానికంటే ఖాళీదానికి కోపమెక్కువా? మొగుడి మంచం పక్కన కూర్చుని, ఎడమచెవి దగ్గర నోరు పెట్టి ఈ మాటే అడిగింది.

నూకన్న నవ్వబోయి, నొప్పికి మానేశాడు. "నాకు తగిలినాది గాబట్టి నాకు తెలవాలేటి? దెబ్బ తిన్నోల్ల కంటే మంటలార్పేవోల్లకి బాగా తెలస్తాది. పోయి అడుగు."

మర్నాడు ఆస్పత్రి నుంచి వస్తూ ఆమె తిన్నగా ఫైర్ స్టేషనుకే వెళ్లింది. అక్కడ రమణయ్య అనే ఆయన ఉన్నాడు. ఆ ఊళ్లోనే డిగ్నాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. తాతల నాడు కోస్తాంధ్ర నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. ఆయన ఎర్ర బండి తుడుస్తూ ఆమె చెప్పిందంతా విని, గుడ్డ పక్కన పెట్టాడు.

"దీదీ, మంటలు ఆర్పమని పిలిచేవాళ్లే గానీ, ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు లేరు. రేపు మధ్యాహ్నం రా. చెప్పడం కాదు, చూపిస్తా."

చెప్పిన వేళకు వెళితే స్టేషను వెనక ఖాళీ జాగాలో రమణయ్య రెండు మూత డబ్బాలు పెట్టుకుని ఉన్నాడు. పక్కనే ఇసక బకెట్లు. ఒక డబ్బా నిండా పెట్రోలు పోసి మూత తీసే ఉంచాడు. రెండో దాంట్లో కొంచెం వేసి, డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తిప్పి, మళ్లీ వంచేసి, మూత బిగించాడు. దాని పక్క గోడకు చిన్న బెజ్జం ఉంది.

"ఇది చూడు. ఖాళీయేనా?"

ఎరుకమ్మ దూరం నుంచే వంగి చూసింది. "ఖాళీయే."

ఆమెను ఇంకా వెనక్కి పంపి, పొడుగాటి వెదురు కొసకు చుట్టిన గుడ్డ వెలిగించి ముందు నిండు డబ్బా మీద పెట్టాడు. గుప్పుమని అంటుకుంది. పైన మాత్రమే మండుతోంది, దీపంలా, కదలకుండా. కాసేపు చూడనిచ్చి ఇసక కుమ్మరించి ఆర్పాడు. తరవాత వెదురు కొసను రెండో డబ్బా బెజ్జం దగ్గరకు తెచ్చాడు. 'ఢబ్' మంది. మూత ఎగిరి స్టేషను గోడకు తగిలి కింద పడింది.

ఎరుకమ్మ చెవులు మూసుకుంది. అయినా కళ్లు మూసుకోలేదు.

"పెట్రోలు మండదు దీదీ. దాని ఆవిరి మండుతాది. బస్, ఇదొక్కటీ గుర్తుపెట్టుకో," అన్నాడు రమణయ్య. "నిండు డబ్బాలో గాలికి చోటు లేదు. ఆవిరి పైకొచ్చి గాలి తగిలిన చోటే మండింది. ఈ ఖాళీదాంట్లో లోపలి గోడలకు అంటుకున్న తడి అంతా ఆవిరయింది. గాలి కూడా ఉంది. రెండూ లోపలే కలిసిపోయాయి. నిప్పు తగిలితే అంతా ఒక్కసారే మండాల. బయటికి దారేదీ? అందుకని మూత లేచిపోయింది."

"మరి మా మావ ఇన్నేల్లు ఉలితో కోసినాడు గదా. అప్పుడేటీ అవలేదే?"

"ఏ డ్రమ్ములు కోసేవాడు?"

"ఎక్కువ పడవల కాడివే. డీజిలువి."

"అదీ సంగతి. డీజిలు చల్లగా ఉంటే ఆవిరి పెద్దగా లేవదు. ఉలి దెబ్బకి డ్రమ్ము అంత వేడెక్కదు. కలప క్యాంపువాళ్లది రంపం మిషన్ల పెట్రోలు. ఇంకోటి విను, గ్యాసు మంట పెడితే డీజిలు డ్రమ్మూ తక్కువది కాదు. లోపల జిడ్డు వేడికి ఆవిరవుతాది. ఇంతకాలం మీ అదృష్టం బాగుంది."

ఆయన ఇంకో మాట చెప్పాడు. పెట్రోలు ఆవిరి పొగలా పైకి పోదు, గాలికంటే బరువు గనక నేల మీద పాకుతుంది, పల్లంలోకి జారుతుంది, ఎక్కడో ఉన్న పొయ్యిని వెతుక్కుంటూ పోయి అంటించుకుని తిరిగి వస్తుంది. కంటికి కనబడదు. ఎరుకమ్మ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నేల వంకే చూసింది. తాము అన్నం వండుకునే పొయ్యి యార్డుకు పల్లపు పక్కనే ఉంది. మల్లేశు బీడీలు కాల్చేది డ్రమ్ముల మీద కూర్చునే. కనబడని పాము ఇన్నేళ్లుగా తమ కాళ్ల మధ్యే తిరిగిందన్నమాట. ఆమెకు ఒళ్లు జలదరించింది. దాంతోపాటే, పారేసుకున్న వస్తువు చేతికి దొరికినంత సంతోషం కూడా కలిగింది.

పొయ్యి గాలికి ఎదురు దిక్కున మిట్ట మీదకు మారింది. యార్డులో బీడీ ఆగిపోయింది. గురునాథం కాదనలేదు, ఇద్దరినీ ఆస్పత్రి మంచాల మీద చూసినప్పటి నుంచీ ఆయన గొంతు తగ్గింది. పెట్రోలు, రంగులో కలిపే థిన్నరు డ్రమ్ములు నీళ్ల తొట్లకు ఇవ్వొద్దు, కేవలం రేకులకే అని ఎరుకమ్మ పట్టుబడితే దానికీ ఒప్పుకున్నాడు. వాటిని వేడినీళ్లతో చాకలిసోడా వేసి కడిగి, ఎండలో పెట్టి, మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి పంపే పని ఆమెది. మల్లేశు చేతులు మానాయి. అతను గ్యాసు టార్చి వెలిగించే ముందు ప్రతిసారీ ఆమెను అక్క వరసలో పిలిచి, "అప్పా, సూసినావా?" అని అడిగేవాడు. ఆమె ఊ అంటేనే వెలిగించేవాడు.

కొన్నాళ్లు అంతా సవ్యంగా సాగింది. ఎరుకమ్మకు తన ముక్కు మీద గురి కుదిరింది. వాసన చూసి అది కిరసనాయిలో, థిన్నరో, ఏ మిషను నూనెయో చెప్పేసేది. వచ్చినవాళ్లు పరీక్షలు కూడా పెట్టేవారు.

ఎండాకాలం ముదిరిన ఒక మధ్యాహ్నం మల్లేశు ఎప్పటిలాగే అడిగాడు. "అప్పా, సూసినావా?"

"సూసినాను. ఏటీ లేదు."

డ్రమ్ము పక్కకు పడుకోబెట్టి ఉంది. రెండు కొసల వైపూ ఎవరూ నిలబడకూడదన్న జాగ్రత్త అప్పటికే వచ్చింది గనక మల్లేశు నడుం వైపు కూర్చున్నాడు. మంట తగిలిన కాసేపటికి లోపల గుబుక్కుమంది. డ్రమ్ము అడుగు కుండలా ఉబ్బి, అంచు దగ్గర చీలి, అందులోంచి మంట నాలుకలా వచ్చి ఆరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మల్లేశు టార్చి ఆపి, లేచి, వెళ్లి మిట్ట మీద కూర్చున్నాడు. ఎరుకమ్మ దగ్గరకు వెళ్లి చీలిన అంచు వంక చూసింది. 'ఏటీ లేదు' అంది తానే. తన మాట మీదే అతను వెలిగించాడు.

మర్నాడు ఫైర్ స్టేషనుకు వెళ్లినప్పుడు ఆమె మొహం చూసి రమణయ్య ముందు కూర్చోమన్నాడు.

"మూడు నీల్లు మార్సి కడిగినాను భయ్యా. వాసన లేదు. అబద్ధం ఆడలేదు."

"నీ ముక్కు అబద్ధం చెప్పింది దీదీ. రోజంతా ఆ వాసనలోనే ఉంటావు. కాసేపటికి ముక్కు మొద్దుబారిపోతాది, వాసన ఉన్నా తెలీదు. పైగా అంచు మడతల్లో, తుప్పు పెచ్చుల కింద చుక్కలు దాక్కుంటాయి. నువ్వు కడిగితే రావు. మంట వేడికి వస్తాయి. వాసన చూసి నమ్మొద్దని నేను ముందే చెప్పాల్సింది, అడగలేదు గదా అని ఊరుకున్నా."

"నాను అడగలేదా?" అంది ఎరుకమ్మ. అన్నీ అడిగే తాను, తన ముక్కు సంగతి మటుకు ఎవరినీ అడగలేదు. అది ఆమెకు కొత్తగా తోచింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాటంతా నూకన్న ఎడమచెవిలో చెప్పింది. చోటు ఉంటేనే గాలీ ఆవిరీ కలుస్తాయట, కలిస్తేనే పేలుతుందట అని చెప్పుకొస్తుంటే అతను నీళ్ల బిందె వంక చూస్తూ విన్నాడు.

"అయితే సోటు లేకండా సేస్తే?" అన్నాడు.

"ఎలాగ?"

"బిందె నిండా నీల్లుంటే ఇంకేటి పడతాది అందులో? డ్రమ్ము కూడా నీల్తో నింపి, కోసే కాడ రవ్వంత మాత్రం వదిలి కొయ్యండి."

ఎరుకమ్మ మొగుడిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మర్నాడు రమణయ్య ఆ మాట విని తొడ చరుచుకున్నాడు. "సహీ బాత్! బిరడా తీసి ఉంచి, నీళ్లు కోత గీటు దాకా నింపి కొయ్యాల. మాకు నేర్పించినదీ ఇదే. ఈ ఎండల్లో నీళ్లు ఎక్కడ తెస్తారని నాకు చెప్పడానికి నోరు రాలేదు."

గురునాథం అదే అన్నాడు. "తాగడానికి బిందెడు నీళ్ల కోసం కుళాయి కాడ జుట్లు పట్టుకుంటున్నారు. డ్రమ్ములకి పోస్తానంటే నన్ను బతకనిస్తారా?"

నూకన్న తల వంచుకుని, ఉలి మొనను వేలితో రుద్దుతూ అన్నాడు: "ఉప్పునీరైతే అడిగేవోడెవడు బాబూ?"

ఎరుకమ్మ గబుక్కున అతని వంక చూసింది. లక్ష్ముడు పోయాక నూకన్న నోట సముద్రం మాట రావడం అదే మొదటిసారి.

మిన్నీ బే సముద్రపొడ్డున గురునాథం తోడల్లుడికి కొంత జాగా ఉంది. కోత పని అక్కడికి మార్చారు. పాటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురద తేలిన చోట డ్రమ్ములు నిలబెట్టి, చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాలి. పోటుకు నీళ్లు వచ్చే వేళకు బకెట్లతో తోడి వాటిలో పోయాలి. కానీ మొదటి రోజున పోటు అనుకున్నదానికంటే ముందే పొంగుకొచ్చింది. కట్టిన తాడు సడలి రెండు డ్రమ్ములు తేలి పక్కకు పోసాగాయి. మల్లేశుకు ఈత రాదు. గురునాథం ఒడ్డున అటూ ఇటూ పరిగెడుతున్నాడు. నూకన్న కాసేపు అలాగే నిలబడ్డాడు. తరవాత లుంగీ ఎగ్గట్టి దిగాడు. మోకాళ్ల లోతు, నడుం లోతు, రొమ్ము లోతు. ఎరుకమ్మ పిలవబోయి ఆగింది. పిలిచినా కుడిచెవికి వినబడదు. అతను రెండు డ్రమ్ములనూ చెరో పక్కా మేకపిల్లల్లా తోలుకుంటూ తిరిగొచ్చాడు. ఒడ్డెక్కాక మొహం తుడుచుకుంటుంటే అది సముద్రపు నీరో కన్నీరో ఆమె అడగలేదు.

నీళ్లు నిండిన డ్రమ్ము మీద మొదటి కోత వేసే ముందు మల్లేశు ఎరుకమ్మ వంక చూశాడు. "నానుంటాను పక్కన," అంది ఎరుకమ్మ.

"వొద్దప్పా, ఎనక్కెల్లు."

ఆమె వెళ్లింది. ఎంత దూరంలో నిలబడాలో, కోత చూడటానికి వచ్చిన రమణయ్య ముందే గీత గీసి చూపించాడు. నీలం మంట మూత చుట్టూ తిరిగి వచ్చింది. నీళ్లు బుసబుసమన్నాయి, ఆవిరి తెల్లగా లేచింది. మూత ఒక పక్కకు వాలి నీళ్లలో బుడుంగున పడింది. అంతే. ఇంకే చప్పుడూ లేదు.

"ఇంతేనా?" అన్నాడు గురునాథం, ఏదో తక్కువైనట్టు.

"ఇంతే కావాలి సేఠ్," అన్నాడు రమణయ్య.

ఉప్పునీటికి డ్రమ్ములు తొందరగా తుప్పు పడుతున్నాయని కొన్నవాళ్లు గొడవ పెట్టారు. అమ్మే ముందు మంచినీళ్లతో ఒకసారి కడిగి ఎర్రరంగు పూసి ఇవ్వడంతో అది సర్దుకుంది. పని మునుపటికంటే నెమ్మదయింది. పోటు కోసం ఆగాలి, పాటు కోసం ఆగాలి. గురునాథం మొదట్లో సణిగాడు. తరవాత ఆయనే పంచాంగం చూసినట్టు పోటుపాట్ల వేళలు చూసుకుని యార్డుకు రావడం నేర్చుకున్నాడు. మిన్నీ బే యార్డు నడిచినన్నాళ్లు అక్కడ ఒక్క డ్రమ్ము కూడా పేలలేదు.

ఆ ఒడ్డున పడవలు ఆపుకునే మన తెలుగువాళ్లు మొదట ఈ తతంగం చూసి నవ్వారు. అప్పలకొండ అనే ఆయనకు ఇంజను పడవ ఉండేది. ఇంజను సామాను పళ్లెంలో పెట్రోలు పోసి కడుక్కుంటూ, అదే పడవ మరో కొసన పొయ్యి రాజేసి గంజి కాచుకునేవాడు. ఎరుకమ్మ వెళ్లి, పెట్రోలు పాకుతుందని చెప్పింది.

"ఏటి, పెట్రోలుకి కాల్లున్నాయేటి?" అన్నాడు అప్పలకొండ.

"కాల్లు లేకే పాకుతాది బాబూ."

ఆయన నవ్వాడు గానీ, గంజి కుండ దించి ఒడ్డు మీద పెట్టుకున్నాడు. మరో రోజు తానే వచ్చి అడిగాడు: పడవ అడుగున నీళ్లు తోడేచోట పెట్రోలు వాసన వస్తే ఏం చెయ్యాలి అని. ఎరుకమ్మకు తెలీదు. తెలీదనే చెప్పింది. ఇద్దరూ కలిసి రమణయ్య దగ్గరకు నడిచారు. దారిలో అప్పలకొండ తన పడవ కబుర్లు చెబుతుంటే ఆమె అడుగడుక్కీ ఆపి, ఇంజను మంచులా చల్లబడ్డాక మొదటిసారి తిప్పితే ఎందుకు మొరాయిస్తుంది, పొగ పొద్దున తెల్లగా మధ్యాహ్నం నల్లగా ఎందుకుంటుంది అని అడుగుతూనే ఉంది. ఆయన జవాబు తెలిసినవాటికి చెప్పాడు, తెలియనివాటికి చెట్ల వంక చూశాడు.

ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక డ్రమ్ముల గిరాకీ పడిపోయింది. గురునాథం యార్డు మూసి కొడుకు దగ్గరకు వెళ్లిపోయాడు. మల్లేశు పడవల రేవుకే తిరిగి వెళ్లి, ఏ ట్యాంకు కోయాలన్నా ముందు నీళ్లు నింపమని పట్టుబట్టే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. మిన్నీ బే జాగాలో షెడ్డు మాత్రం మిగిలింది. ఎరుకమ్మా నూకన్నా దానికి అద్దె కట్టి, ఎండుచేపల పని పెట్టుకున్నారు. పాటు వేళ నూకన్న బురదలో కర్రలు పాతి అడ్డువల కట్టేవాడు. పోటు దిగాక నడుం లోతు నీళ్లలో నిలబడి ఏరుకొచ్చేవాడు. చేప పెద్దదయితే ఒడ్డు మీద ఉన్న ఎరుకమ్మకు చూపించడానికి తోక పట్టుకుని పైకెత్తేవాడు.